రేపటిని ఖాళీగా ఉంచుకుని బయలుదేరాలి

విదేశానికి ఒంటరిగా వెళ్లొచ్చానని చెబితే మన దగ్గర రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "ఒక్కదానివే ఎలా వెళ్లావమ్మా, ఏదైనా అయితే ఎవరు దిక్కు?" అనేది మొదటిది. "అబ్బ, ఎంత ధైర్యం! నిన్ను నువ్వు తెలుసుకోవడానికి వెళ్లావన్నమాట" అనేది రెండోది. మొదటి మాట వెనక ప్రేమ ఉంది కాబట్టి దానికి ఓపిగ్గా జవాబు చెప్తాను. రెండో మాటను మాత్రం ఒప్పుకోను. నన్ను నేను తెలుసుకోవాలంటే రాజమండ్రిలో మా మేడ మీద కూర్చున్నా సరిపోతుంది. నేను వెళ్లేది మనుషుల కోసం. పక్కన మనవాళ్లెవరైనా ఉంటే వాళ్లతోనే మాట్లాడుతూ ఉండిపోతాను. ఎవరూ లేకపోతే ఎదురుగా కూర్చున్నవాళ్లతో మాట్లాడతాను. ఒంటరిగా వెళ్లడానికి నా దగ్గరున్న కారణం ఇంతే.

అయితే ఒంటరిగా వెళ్లినంత మాత్రాన స్నేహాలు కుదరవు. కలుపుగోలుగా ఉండేవాళ్లకే కుదురుతాయని, నోరు లేనివాళ్లకు కుదరవని చాలామంది అనుకుంటారు. నేను చూసినంతలో తేడా వేరే చోట ఉంది. ఎవరి రేపు ఖాళీగా ఉందో వాళ్లకు స్నేహితులు దొరుకుతారు. "రేపు మేం ఫలానా చోటికి వెళ్తున్నాం, వస్తావా?" అని ఎవరైనా అడిగినప్పుడు "వస్తాను" అనగలిగే స్థితిలో ఉండాలి. ప్లాన్ లేని ప్రయాణం అంటే బాధ్యత లేని తిరుగుడు అని మన పెద్దవాళ్ల అభిప్రాయం. ఇంకా కలవని మనిషి కోసం రోజులు కాస్త అట్టేపెట్టుకోవడం అని నేనంటాను.

హాస్టల్ అనగానే మనకు ఇంటర్ కాలేజీ, స్టడీ అవర్లు, ఆదివారం చికెన్ గుర్తొస్తాయి. యాత్రికులు దిగే హాస్టల్ వేరు. అక్కడ గది బదులు మంచం అద్దెకిస్తారు. ఒక్కో గదిలో నాలుగు నుంచి పన్నెండు దాకా బంక్ మంచాలు, ప్రతి మంచానికీ ఒక కర్టెన్, చిన్న లైటు, ఫోన్ చార్జింగ్ పాయింటు, సామాను పెట్టి తాళం వేసుకునే లాకర్ ఉంటాయి. బాత్రూములు అందరికీ కలిపే. ఇలాంటి ఉమ్మడి గదిని డార్మ్ అంటారు. ఆడవాళ్లకు మాత్రమే కేటాయించిన డార్మ్‌లు చాలాచోట్ల ఉంటాయి. వియత్నాం రాజధాని హనోయ్‌లో ఇలాంటి మంచం రాత్రికి వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. మంచాలన్నీ ఎక్కడైనా దాదాపు ఒకటే. హాస్టల్ మంచిదా కాదా అని తేల్చేది కింద అంతస్తులో ఉండే వంటగది, లేకపోతే పొడవాటి బల్ల ఉన్న కామన్ రూమ్. నేను బుక్ చేసే ముందు మంచం ఫొటోలు చూడను, ఆ బల్ల ఫొటో ఉందా అని చూస్తాను.

గురుకులాల్లో, సంక్షేమ హాస్టళ్లలో చదువుకున్నవాళ్లకు ఇందులో కొత్తేమీ ఉండదు. ముప్పైమంది మధ్య నిద్రపోవడం, బాత్రూమ్ కోసం వంతు చూసుకోవడం, పక్కవాడి గురకకు అలవాటు పడటం, ట్రంకుపెట్టె తాళంచెవి మొలతాడుకు కట్టుకోవడం, ఇవన్నీ పదేళ్ల వయసులోనే నేర్చినవాళ్లు మన రెండు రాష్ట్రాల్లో లక్షల్లో ఉన్నారు. విదేశీ హాస్టల్ డార్మ్ డబ్బున్నవాళ్ల సరదా అని వాళ్లలో కొందరు నాతో అన్నారు. ఆ డార్మ్‌లో సర్దుకోవడానికి కావాల్సిన శిక్షణ అంతా వాళ్ల దగ్గరే ఉంది, మాలాంటి విడిగది పిల్లల దగ్గర లేదు.

అసలు ఈ ఏర్పాటు పుట్టింది కూడా బడిపిల్లల కోసమే. 1909 ఆగస్టులో జర్మనీలో రిచర్డ్ షిర్మన్ అనే ఉపాధ్యాయుడు తన విద్యార్థులను కాలినడకన ఊళ్లు తిప్పుతుంటే పెద్ద గాలివాన పట్టుకుంది. ఒక పల్లెటూరి బడిలో తలదాచుకున్నారు. సెలవుల్లో ఊరికే పడి ఉండే బళ్లను నడిచి వెళ్లే పిల్లలకు రాత్రి బసగా ఇవ్వొచ్చు కదా అన్న ఆలోచన ఆయనకు అక్కడే వచ్చింది. 1912లో ఆల్టెనా అనే ఊళ్లోని పాత కోటలో హాస్టల్ తెరిచారు. 1932కల్లా వేర్వేరు దేశాల సంఘాలు కలిసి అంతర్జాతీయ సమాఖ్యగా ఏర్పడ్డాయి, ఆ తర్వాత ఆయన్ను అధ్యక్షుణ్ని చేసుకున్నాయి. 1936లో నాజీ ప్రభుత్వం ఒత్తిడి చేసి ఆయన్ను ఆ పదవి నుంచి తప్పించింది.

మనకూ సత్రాలుండేవి. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య గారు ఏ మజిలీలో బస దొరుకుతుందో, ఎక్కడ ఏ వసతి ఉందో తన వెనక వచ్చేవాళ్ల కోసం శ్రద్ధగా రాసిపెట్టారు. దారినపోయే మనిషికి నీడా అన్నమూ ఇవ్వడం పుణ్యమని నమ్మిన జాతి మనది. ఆ మాట గర్వంగానే చెప్పుకోవచ్చు. కానీ మన సత్రాల్లో చాలావాటికి గుమ్మంలోనే కులం అడ్డం నిలబడేది. ఎవరు లోపలికి రావాలో, ఎవరి పంక్తి ఎక్కడో ముందే తేలిపోయేది. ఇప్పటికీ కొన్ని పుణ్యక్షేత్రాల్లో సత్రం బోర్డు మీదే కులం పేరు రాసి ఉంటుంది.

హాస్టల్ బల్ల దగ్గర నాకు మొదట ఊపిరి తేలికైంది ఇక్కడే. మన దగ్గర కొత్త మనిషిని ఎలా పరిచయం చేసుకుంటామో ఒకసారి ఆలోచించండి. మీదే ఊరు? నాన్నగారు ఏం చేస్తారు? ఇంటిపేరేంటి? ఆ ఇంటిపేరు ఎందుకడుగుతున్నారో అడిగేవాళ్లకూ తెలుసు, చెప్పేవాళ్లకూ తెలుసు. తర్వాత పెళ్లయిందా, అవకపోతే ఎందుకవలేదు, ఉద్యోగం ఎక్కడ, ప్యాకేజీ ఎంత. ఐదు నిమిషాల్లో మనిషిని ఒక అరలో పెట్టేస్తాం. ఆ తర్వాత మాట్లాడేదంతా ఆ అరతోనే గానీ మనిషితో కాదు.

హాస్టల్లో అడిగే ప్రశ్నలు వేరు. ఎక్కడి నుంచి వస్తున్నావు అంటే నిన్న ఏ ఊళ్లో ఉన్నావని అర్థం. అక్కడ ఏం బాగుంది? రేపు ఎటు? నా ఇంటిపేరు వాళ్లకు నోరు తిరగదు, తిరిగినా దానివల్ల వాళ్లకు తెలిసేదేమీ లేదు. నా జీతం సంగతి ఎవరూ అడగలేదు. ముప్పై దాటిన ఆడదాన్ని, పెళ్లి కాలేదు అన్న విషయం మా బంధువుల ఇళ్లలో పెద్ద చర్చ. అక్కడ అది రాత్రి భోజనంలో ఒక్క నిమిషం కూడా నిలవలేదు. నా మీద ఏళ్ల తరబడి ఉన్న బరువు ఒకటి అక్కడ లేదని గమనించినప్పుడు, అది నా మీద ఇంతకాలం ఉందని కూడా అప్పుడే అర్థమైంది.

జర్మన్ సమాజ శాస్త్రవేత్త గెయోర్గ్ జిమెల్ 1908లోనే ఈ సంగతి రాశారు. దగ్గరివాళ్లకు చెప్పకుండా దాచే మాటలను మనుషులు పరాయివాడి ముందు విప్పేస్తారని, ఎందుకంటే అతనికి ఊళ్లోని బంధాలతో, లెక్కలతో సంబంధం లేదని ఆయన పరిశీలన. మన రైళ్లలో పక్క సీటువాళ్లతో సంసారం మొత్తం చెప్పుకునేవాళ్లను చూశాం కాబట్టి ఇది మనకు తెలిసిన సంగతే. రైల్లో అయితే స్టేషన్ రాగానే దిగిపోతారు. హాస్టల్లో మర్నాడు పొద్దున్నే అదే మనిషి పక్కన నిలబడి పళ్లు తోముకుంటాం.

"రెండు రోజుల పరిచయం కూడా స్నేహమేనా?" అని నా ఫ్రెండ్స్ చాలామంది అడిగారు. ఈ ప్రశ్నను నేను తీసిపారేయను. దీనికి జవాబు రోజుల్లో కాకుండా గంటల్లో వెతకాలి. కాన్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ అనే పరిశోధకుడి అధ్యయనం 2018లో వచ్చింది. కొత్త ఊరికి మారినవాళ్లను, కాలేజీలో కొత్తగా చేరినవాళ్లను పరిశీలించి ఆయన ఇచ్చిన అంచనా ప్రకారం ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు కలిసి గడపాలి. స్నేహితులు అనుకోవడానికి 90 గంటలు కావాలి. ప్రాణస్నేహం కావాలంటే 200 గంటలు దాటాలి. ఆఫీసులో పక్కపక్కన పని చేసిన గంటలకు అంత బలం ఉండదని కూడా ఆయన చెప్పారు. ఇది చదివినప్పుడు నా కొలీగ్స్‌లో ఏళ్ల తరబడి తెలిసినవాళ్లు కొందరు ఎందుకు ఇంకా ముఖపరిచయంలోనే ఉన్నారో తెలిసింది. వారానికి ఒక గంట లంచ్‌లో కూర్చుంటే 50 గంటలు కావడానికి ఏడాది పడుతుంది.

ఇప్పుడు వియత్నాం ఉత్తర కొనలో ఉన్న హా జాంగ్ సంగతి చెప్తాను. చైనా సరిహద్దు పక్కన సున్నపురాయి కొండల ప్రాంతం అది. అక్కడి డోంగ్ వాన్ పీఠభూమిని 2010లో యునెస్కో జియోపార్క్‌గా, అంటే అరుదైన భూస్వరూపాలున్న ప్రాంతంగా గుర్తించింది. హనోయ్ నుంచి ఆరు గంటల బస్సు ప్రయాణం చేసి, అక్కడి నుంచి బైకుల మీద మూడు నాలుగు రోజులు కొండలు చుట్టి రావడం యాత్రికులకు అలవాటు. బండి నడపడం రానివాళ్లు, ఆ ఘాట్ రోడ్ల మీద నడపడం వద్దనుకున్నవాళ్లు స్థానిక డ్రైవర్ వెనక కూర్చోవచ్చు. నేను అలాగే వెళ్లాను, ఆ ఘాట్లను చూశాక మీకూ అదే సలహా ఇస్తాను. రాత్రుళ్లు పల్లెల్లో ఇళ్లలోనే బస, అందరికీ కలిపి పరుపులు.

నేను హనోయ్ పాత బజారులో, హోన్ కియెమ్ సరస్సుకు దగ్గర్లో ఉన్న హాస్టల్లో దిగినప్పుడు హా జాంగ్ వెళ్లాలన్న ఆలోచన నాకు లేదు. రాత్రి భోజనానికి ఆ హాస్టల్లో అందరినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టి, మధ్యలో బియ్యప్పిండి పలుచటి రేకులు, ఆకుకూరలు, వేయించిన టోఫు పెట్టి ఎవరి రోల్ వాళ్లే చుట్టుకోమన్నారు. చేతులకు పని ఉంటే మాటలు వాటంతట అవే వస్తాయి. నా పక్కన పోలండ్ నుంచి వచ్చిన స్కూల్ టీచర్. ఎదురుగా సియోల్‌లో ఉద్యోగం మానేసి వచ్చిన కొరియా అమ్మాయి. ఆ చివర అరవై దాటిన ఒక డచ్ పెద్దాయన, ఉద్యోగమంతా ఉత్తరాలు పంచుతూ గడిపి రిటైరయ్యాడు. ముగ్గురూ మర్నాడు రాత్రి బస్సుకు హా జాంగ్ వెళ్తున్నారు. "నువ్వూ రా" అంది టీచర్. రిసెప్షన్‌లో అడిగితే సీటు ఉందన్నారు. పది నిమిషాల్లో తేలిపోయింది.

మాతోపాటు బెంగళూరు నుంచి వచ్చిన ఒక అబ్బాయి కూడా ఆ బల్ల దగ్గరే ఉన్నాడు. అందరికంటే బాగా మాట్లాడినవాడు, అందర్నీ నవ్వించినవాడు అతనే. కానీ ప్రతి రాత్రికీ హోటల్, ప్రతి పగటికీ టూర్ ముందే డబ్బు కట్టి వచ్చాడు, ఏదీ వెనక్కి రాదు. "మీతో రావాలనుంది" అని రెండుసార్లు అన్నాడు. పొద్దున్నే ఏడింటికి అతని వ్యాన్ వచ్చింది, వెళ్లిపోయాడు. మాటకారితనం కంటే ఖాళీ రోజే ముఖ్యం అని నేను గట్టిగా చెప్పడానికి ఆ అబ్బాయే కారణం.

కొండల్లో ఆ నాలుగు రోజులూ నిద్ర తీసేస్తే రోజుకు పద్నాలుగు గంటలు కలిసే ఉన్నాం. లెక్క కడితే 56 గంటలు. హాల్ చెప్పిన 50 దాటిపోయింది. అవి ఏ గంటలో కూడా చూడాలి. 'మా పీ లెంగ్' అనే కనుమ మీద ఆగినప్పుడు కింద న్యో క్వే నది పచ్చటి గీతలా కనిపించింది. మేం నిలబడ్డ ఆ రోడ్డును 1959 నుంచి 1965 దాకా, చాలావరకు చేతి పనిముట్లతోనే, అక్కడి తెగల యువకులు కొండ తొలిచి వేశారని, కొన్నిచోట్ల తాళ్లకు వేలాడుతూ పని చేశారని మా డ్రైవర్లు చెప్పారు. ఆ రోడ్డుకు వాళ్లు పెట్టుకున్న పేరు ఆనంద మార్గం. డచ్ పెద్దాయన చాలాసేపు అక్కడే నిలబడి, భార్య పోయాక ఇదే తన మొదటి ప్రయాణమని చెప్పాడు. మూడో రోజు వాన. తడిసిన బట్టలు ఆరబెట్టుకుంటూ మోంగ్ అనే కొండజాతి కుటుంబం ఇంట్లో పొయ్యి ముందు కూర్చున్నప్పుడు కొరియా అమ్మాయి ఉద్యోగం ఎందుకు మానేసిందో చెప్పింది. ఆఫీసులో రాత్రి పదింటి దాకా ఉండటం, ఆదివారం సాయంత్రం నుంచే మొదలయ్యే టెన్షన్, ఇంట్లో అది ఎవరికీ అర్థం కాకపోవడం. హైదరాబాద్ హైటెక్ సిటీలో నేను వినే మాటలే అవి, అక్షరం తేడా లేదు. నేనూ నా సంగతి చెప్పాను. మా అక్కతో కూడా చెప్పని సంగతి.

ఇవన్నీ ముందే బుక్ చేసిన టూర్‌లోనూ జరగొచ్చు కదా అంటారేమో. ప్యాకేజీ టూర్లలో వెళ్లేవాళ్లను నేను తక్కువ చేయను. మా అమ్మానాన్నా అలాగే వెళ్లారు, సంతోషంగా వచ్చారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, భాష భయం ఉన్నవాళ్లకు అదే సరైనది. కానీ ప్యాకేజీలో బస్సు నిండా మనవాళ్లే ఉంటారు, వంటవాడు కూడా మనవాడే, సాంబారు కూడా మనదే. అక్కడి మనుషులతో మాట్లాడాల్సిన అవసరమే రాదు.

హాస్టళ్లలో కూడా ఇలాంటిది జరుగుతుంది. తెలుగువాళ్లు నలుగురు కలిస్తే ఐదో మనిషికి అర్థం కాని భాషలో మునిగిపోతాం. ఊరుగాని ఊళ్లో తెలుగు వినబడితే ఎంత ప్రాణం లేచొస్తుందో నాకు తెలుసు. డా నాంగ్‌లో వరంగల్ నుంచి వచ్చిన ఇద్దరు అక్కచెల్లెళ్లు కలిస్తే ఒక పూటంతా కబుర్లే. కానీ బల్ల దగ్గర ఇంకొకరు కూర్చుని ఉంటే ఇంగ్లీషుకు మారదాం. రాకపోతే వచ్చినంతే మాట్లాడదాం. హాస్టల్లో చాలామందికి ఇంగ్లీషు మాతృభాష కాదు. మన గ్రామర్ ఎవరూ దిద్దరు.

మాటలు అసలు రాకపోతే వంటగదిలోకి వెళ్లండి. నేను చిన్న సీసాలో పులిహోర పులుసు తీసుకెళ్తాను. వియత్నాంలో అన్నం మన అన్నం కంటే కాస్త జిగటగా ఉంటుంది, కరివేపాకు దొరకదు, కానీ పల్లీలు, పచ్చిమిర్చి, పసుపు ఏ బజారులోనైనా ఉంటాయి. పోపు వాసనకు మేడ మీదివాళ్లు కూడా దిగి వస్తారు. మాంసం తిననివాళ్లు అక్కడ 'చాయ్' అని బోర్డున్న హోటళ్లు వెతుక్కోవాలి, అవి బౌద్ధుల శాకాహార భోజనశాలలు. చాంద్రమాన నెలలో మొదటి రోజు, పదిహేనో రోజు చాలామంది బౌద్ధులు మాంసం ముట్టరు కాబట్టి ఆ రోజుల్లో శాకాహారం ఇంకా తేలిగ్గా దొరుకుతుంది. మిగతా రోజుల్లో చేపలను పులియబెట్టి చేసే సాస్ దేంట్లో కలిసిందో అడిగి తినడం మంచిది.

మద్యం గురించి మాత్రం కఠినంగానే చెప్తాను. ఉచితంగా గ్లాసులు పోసి, రోజూ రాత్రి రెండింటి దాకా పాటలు పెట్టే పార్టీ హాస్టళ్లు ఉంటాయి. అక్కడ పరిచయాలు త్వరగా అవుతాయని పేరు. తెల్లారితే పేర్లు కూడా గుర్తుండని పరిచయాలవి. 2024 నవంబరులో లావోస్‌లోని వాంగ్ వియెంగ్‌లో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిసిన మద్యం తాగి ఆరుగురు విదేశీ యాత్రికులు చనిపోయారు. వాళ్లలో ఇరవై ఏళ్లు నిండని అమ్మాయిలు ఉన్నారు. ఏ సీసాలోంచి పోశారో తెలియని గ్లాసు ముట్టకండి. వద్దన్నందుకు ఎవరైనా దూరమైతే వాళ్లు దూరమవడమే మేలు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఇంకో మాట. రేపటిని ఖాళీగా ఉంచుకోవడం అంటే జాగ్రత్తను వదిలేయడం కాదు. కొత్త ఊళ్లో పగటిపూటే దిగుతాను. మొదటి రెండు రాత్రులకు బస ఖాయం చేసుకునే వెళ్తాను. ఆడవాళ్లు ఈ మధ్య రాసిన రివ్యూలు చదువుతాను, పాతవి పట్టించుకోను, ఎందుకంటే యాజమాన్యాలు మారుతుంటాయి. లైవ్ లొకేషన్ ఇంట్లో ఒకరికి ఎప్పుడూ ఉంటుంది. ఒకసారి ఒక డార్మ్‌లో పక్క మంచం మనిషి చూపు నచ్చక, కట్టిన డబ్బు వదిలేసి ఆ రాత్రే వేరే చోటికి మారిపోయాను. ముందే పదిహేను రాత్రులకు డబ్బు కట్టి ఉంటే అంత తేలిగ్గా లేచి వెళ్లగలిగేదాన్నా? ఖాళీ రోజులు స్నేహానికే కాదు, తప్పించుకోవడానికీ పనికొస్తాయి.

మన పాస్‌పోర్టుతో ఇంత స్వేచ్ఛ అన్నిచోట్లా దొరకదు. అది దాచాల్సిన పని లేదు. హా జాంగ్ నుంచి తిరిగొచ్చాక కొరియా అమ్మాయి "వచ్చే వారం జపాన్ వెళ్దాం, రా" అంది. ఆమె టికెట్ కొనుక్కుంటే చాలు. నేను వీసా కోసం బ్యాంకు కాగితాలు, రోజువారీ కార్యక్రమం పట్టుకుని నిలబడాలి. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు ఎక్కడ దిగుతామో బుకింగులు చూపించాలి, 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి, 90 యూరోల ఫీజు కట్టాలి. రేపటిని ఖాళీగా ఉంచుకుంటానంటే వీసా అధికారి ఒప్పుకోడు. అందుకే మనలాంటివాళ్లు కాగితాల బెడద తక్కువున్న దేశాలతో మొదలుపెట్టాలని నా అభిప్రాయం. నేపాల్‌కు మనకు వీసాయే అక్కర్లేదు. వియత్నాం 2023 ఆగస్టు 15 నుంచి ఈ-వీసాను 90 రోజులకు పెంచింది, ఒకసారి ప్రవేశానికి ఫీజు 25 డాలర్లు. ఏ విమానాశ్రయంలో దిగుతున్నామో, ఎక్కడి నుంచి తిరిగి వెళ్తున్నామో దరఖాస్తులో రాయాలి. ఆ రెండింటి మధ్య ఉన్నదంతా మన ఇష్టం. స్లీపర్ బస్సు టికెట్లు చాలావరకు హాస్టల్ రిసెప్షన్‌లోనే ముందు రోజు దొరికిపోతాయి. ఒక్క టెట్, అంటే వాళ్ల కొత్త సంవత్సరం రోజుల్లో మాత్రం రైళ్లూ బస్సులూ నిండిపోతాయి. ఆ వారం ఈ పద్ధతి పనికిరాదు.

డబ్బు, సెలవు కూడా అంతే. రెండు వారాల సెలవు దొరకడం మన ఆఫీసుల్లో చాలామందికి కల. నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలని ఇళ్లు ఎన్నో. వాళ్లతో "ఎగిరిపోండి" అనడం అన్యాయం. నేను మాట్లాడుతున్నది ఎలాగూ వెళ్లబోతున్నవాళ్లతో. ఐదు రోజులే ఉంటే అందులో రెండు రోజులైనా ఏమీ రాయకుండా వదిలేయండి అంటున్నాను.

ఖాళీ రోజు వల్ల మనుషులే కాదు, వాళ్ల చేతి మీదుగా మనవే కొన్ని సంగతులు మన దగ్గరకు వస్తాయి. వియత్నాంలోని హ్వే అనే ఊరి నుంచి రైల్లో హై వాన్ కనుమ కింద సముద్రం పక్కనే సాగే దారిలో దక్షిణానికి వచ్చి డా నాంగ్‌లో దిగి, అక్కడి నుంచి రోడ్డు మీద హోయ్ ఆన్ చేరాను. లాంతర్ల ఊరు, అందరూ చెప్పేదే. అక్కడి హాస్టల్లో నేను పులిహోర కలిపిన రాత్రి ఒక చిలీ కుర్రాడు, పురావస్తు శాస్త్రం చదువుతున్నాడు, "నువ్వు ఇండియా నుంచి కదా, రేపు 'మీ సోన్' గుళ్లకు వెళ్లట్లేదా?" అని ఆశ్చర్యపోయాడు. నేను ఆ పేరే వినలేదు. ఒకప్పుడు మధ్య వియత్నాంను ఏలిన చంపా రాజులు కట్టిన శివాలయాలు అక్కడున్నాయని, నాలుగో శతాబ్దంలో భద్రవర్మ అనే రాజు భద్రేశ్వరుడి పేరుతో గుడి కట్టించాడని, 1969లో అమెరికా బాంబుల కింద చాలా గుళ్లు కూలిపోయాయని, మన పురావస్తు శాఖవాళ్లు అక్కడ బాగుచేసే పని చేస్తుంటే 2020లో తొమ్మిదో శతాబ్దపు ఏకశిలా లింగం బయటపడిందని అతనే చెప్పాడు. భూగోళం అవతలి వైపు నుంచి వచ్చిన కుర్రాడు శివలింగం గురించి చెబుతుంటే నేను నోరు తెరుచుకుని విన్నాను. మర్నాడు ఇద్దరం కలిసే వెళ్లాం. ఇటుక గోడల మీద పడ్డ బాంబు దెబ్బల మధ్య, సంస్కృత శాసనం ముందు నిలబడి అతను అడిగిన ప్రశ్నలకు నాకు సగం జవాబులే తెలుసు. మిగతా సగం కోసం ఇంటికొచ్చాక చదివాను, ఇంకా చదువుతున్నాను.

ఈ స్నేహాలు ఎంతకాలం ఉంటాయి? చాలావరకు బస్టాండుతో అయిపోతాయి. వాట్సాప్ గ్రూపు రెండు నెలలు మోగుతుంది, తర్వాత పుట్టినరోజులకు, ఆ తర్వాత అదీ ఉండదు. డచ్ పెద్దాయనతో నాకిప్పుడు మాటల్లేవు. అందువల్ల ఆ కనుమ మీద ఆయన చెప్పింది అబద్ధమైపోదు. మా అమ్మమ్మకు పుష్కరాల్లో కలిసిన మనుషులతో అలాంటి బంధాలే ఉండేవి. మూడు రోజులు ఒకే చోట వండుకుని తిన్నారు, మళ్లీ ఎప్పుడూ చూసుకోలేదు, పోయేదాకా వాళ్ల గురించి చెప్పేది. కాలం కొలతతో స్నేహాన్ని తూచడం మనకూ మొదటి నుంచీ ఉన్న అలవాటేమీ కాదు.

కొన్ని మాత్రం నిలుస్తాయి. పోలండ్ టీచర్ ఆ తర్వాతి చలికాలంలో మన దేశానికి వచ్చింది. ఢిల్లీ, ఆగ్రా అయ్యాక ఎటు వెళ్లాలో ఖాయం చేసుకోలేదు కాబట్టి రాజమండ్రి రమ్మన్నాను. విదేశీయులు ఇంట్లో దిగితే 24 గంటల్లో ఆ వివరాలు ప్రభుత్వానికి తెలిపే ఫారం నింపాలి, నాన్నగారు దానికోసం పొద్దున్నుంచీ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. గోదావరి గట్టు మీద నడిచాం, రోజ్ మిల్క్ తాగాం, ఆత్రేయపురం వెళ్లి పూతరేకులు చుట్టడం చూశాం. అక్కడ ఆమె బియ్యప్పిండి రేకును వేళ్లతో పట్టుకుని హనోయ్ బల్లను గుర్తు చేసింది. భాష రాకపోయినా అమ్మా ఆమే వంటింట్లో గంటల తరబడి ఉండేవాళ్లు. వెళ్లే రోజు అమ్మ బొట్టు పెట్టి చీర పెట్టింది. ఆటో మలుపు తిరిగాక నాతో, "ఇంత చక్కటి పిల్లని ఒక్కదాన్నే ఇంత దూరం పంపిందంటే వాళ్లమ్మ ఎంత గుండె గలదో" అంది. ఆ మాట పోలండ్‌లో వాళ్లమ్మ కూడా నీ గురించి అనే ఉంటుందమ్మా అని చెప్పాను.